అండమాన్ ప్లాన్‌లో ఆఖరి రోజు

అండమాన్ ట్రిప్ అనగానే ఫ్రెండ్స్ అంతా ‘ఏ బీచ్ బాగుంటుంది?’ అని అడుగుతారు. నేను మాత్రం ‘తిరుగు ఫ్లైట్ ఎప్పుడు?’ అంటాను. ఎందుకంటే హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి మామూలుగా ఫెర్రీలోనే రావాలి. సముద్రం పోటెత్తితే ఫెర్రీలు ఆపేస్తారు. మేం వెళ్లినప్పుడూ ఓ పూట అలాగే ఆగాయి. మాకు ఇంకో రెండ్రోజులు టైముంది. జెట్టీలో మా పక్కనే నిలబడ్డ కొత్త జంటకి మాత్రం ఆ మధ్యాహ్నమే ఫ్లైట్! ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తే.

అందుకే ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. రోజు వేస్టని ఫీలవ్వొద్దు, సెల్యులర్ జైలు ఆ రోజుకే పెట్టుకోండి.

ఇంకో మాట. అక్కడ పొద్దు త్వరగా గుంకుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం 5 గంటలకే! రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలంటే 4 కల్లా చేరాలి. మొసళ్ల హెచ్చరిక బోర్డున్న చోట నీళ్లలోకి దిగొద్దు. పగడపు ముక్కల్ని బ్యాగులో వేసుకోవద్దు, అది నేరం. ఫొటోలు తెచ్చుకోండి, చాలు!