ప్రతులకు: రచయిత

కొత్త తెలుగు నవల ఏది చేతికొచ్చినా నేను ముందు చూసేది ముద్రణ వివరాల పేజీ. ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత, ముఖచిత్రం ఎవరిది, అన్నీ చదువుకుంటూ చివర 'ప్రతులకు' దగ్గరికొచ్చి ఆగుతాను. అక్కడ ప్రచురణ సంస్థ పేరుంటే రాసినవాళ్ళ పని చాలావరకు అయిపోయినట్టే. 'రచయిత' అని ఉండి కింద ఫోన్ నంబరు కనిపిస్తే మాత్రం, ఆ ఇంట్లో మంచం కింద అట్టపెట్టెలున్నాయని నాకు తెలుసు. నా నవలల్లో రెండు రకాలూ ఉన్నాయి. పగలు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తెల్లవారుజామున నవల. ఆ నవలను ప్రచురణకర్తకిచ్చినా, నేనే అచ్చు వేసుకున్నా వదులుకోలేనిది ఒకటుంది. దాని గురించే ఇదంతా.

సొంతంగా అచ్చు వేసుకోవడాన్ని ఎవరూ దిక్కులేక చేసిన పనిగా చూడకూడదు. కందుకూరి వీరేశలింగం 1878లో 'రాజశేఖర చరిత్రము'ను తన వివేకవర్ధని పత్రికలోనే ధారావాహికగా వేసుకున్నారు. 1880లో అది పుస్తకమైంది. అంటే తొలి తెలుగు నవలగా చాలామంది చెప్పుకునే పుస్తకం పుట్టిందే రచయిత సొంత పత్రికలో. వారపత్రికలు, ఎమెస్కో పాకెట్ పుస్తకాలు వచ్చాక నవల రాసినవాళ్ళకు కొంతకాలం అచ్చు బాధ తప్పింది. సీరియల్‌కు పత్రిక పారితోషికమిచ్చేది, ఆ తర్వాత పుస్తకం ప్రచురణకర్త వేసేవారు. ఆ రోజుల్లోనే వారపత్రికల్లో పేరు తెచ్చుకున్న రంగనాయకమ్మ మాత్రం స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకునే దారి ఎంచుకున్నారు. ఏం రాయాలో, ఎంతకు అమ్మాలో రెండూ ఆమె నిర్ణయాలే. ఆమె లావు పుస్తకాలు అంత తక్కువ ధరకు దొరకడం చూసి ఆశ్చర్యపోని తెలుగు పాఠకుడు ఉండడు. పుస్తకం వెల కూడా రచయిత అభిప్రాయాల్లో ఒకటని నేను నేర్చుకున్నది ఆమె పుస్తకాల వెనక అట్ట చూసే.

ఇప్పుడు ఆ వారపత్రికల మెట్టు విరిగిపోయింది. 2020లో కరోనాతో పాటే నవ్య, ఆంధ్రభూమి వారపత్రికలు ఆగిపోయాయి. సీరియల్‌గా పదిమంది కళ్ళలో పడి, ఉత్తరాలు అందుకుని, ఆ తర్వాత పుస్తకంగా రావడమన్నది నా తరం నవలాకారులకు అరుదు. నేరుగా పుస్తకమే.

నా మొదటి నవల సైబర్ టవర్స్ రాకముందు కొండాపూర్‌లో ఉన్న ఒక కుటుంబం కథ. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ఆ భవనాన్ని ప్రారంభించే రోజుతో ముగుస్తుంది. దాన్ని ఒక ప్రచురణ సంస్థ తీసుకుంది. అక్కడి సంపాదకుడు రాతప్రతి రెండుసార్లు చదివి ఫోన్ చేశారు. "మీకు ఆ బండరాళ్ళంటే ప్రేమండీ, నాకు అర్థమైంది. కానీ మనుషులు మూడో అధ్యాయంలో గానీ రావడం లేదు. మొదటి రెండూ తీసేద్దాం" అన్నారు. వారం రోజులు ఆయనతో వాదించాను. చివరికి రెండో అధ్యాయంలో ఒక్క పేజీ మిగిలింది. ఆ పేజీ ఇప్పుడు నవలకు ప్రాణం. ప్రచురణకర్త నుంచి రచయితకు అందే అసలు సొమ్ము ఇదే. నా పుస్తకం మీద తన డబ్బు పెట్టే మనిషి, దాన్ని నాకంటే కఠినంగా చదివిన మనిషి, 'ఇది వద్దు' అని చెప్పగలిగిన మనిషి.

అసలు డబ్బు సంగతికొస్తే లెక్క చిన్నదే. రెండువందల యాభై రూపాయల నవలకు పది శాతం రాయల్టీ అంటే ప్రతికి పాతిక రూపాయలు. ఐదువందల ప్రతులూ అమ్ముడైతే పన్నెండున్నర వేలు. మాదాపూర్‌లో ఆ డబ్బుకు ఒక గది అద్దె కూడా రాదు. సొంతంగా వేసుకుంటే అమ్మకందారు కమిషన్ నలభై శాతం పోగా ప్రతికి నూటయాభై చేతికొస్తుంది. అందులోంచి కాగితం, అచ్చు, ముఖచిత్రం ఖర్చులు తీయాలి. మిత్రులకు, సమీక్షలకు ఉచితంగా వెళ్ళే ప్రతులూ ఉంటాయి. రెండు దారుల్లోనూ ఉద్యోగం మానేసే మాట లేదు.

మొదటి ముద్రణ అయిపోయాక రెండో ముద్రణ వేయలేమని సంస్థ చెప్పేసింది. హక్కులు వెనక్కి తీసుకుని నేనే వేశాను. అప్పటిదాకా నాకు తెలియని పనులన్నీ నేర్చుకున్నాను. యూనికోడ్‌లో రాసిన నవలను డీటీపీలో అను ఫాంట్లలోకి మారిస్తే వత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. ప్రతి పేజీ మళ్ళీ ప్రూఫు చూడాలి. ఈ-పుస్తకం చేయాలంటే తిరిగి యూనికోడ్‌లోకి రావాలి, ఇంకోసారి ప్రూఫు. పేజీలు పదహారు గుణిజంలో రాకపోతే చివర తెల్లకాగితాలు మిగులుతాయి. ఐఎస్‌బీఎన్ రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఆ నాలుగు పొట్లాలు కట్టిన రోజు నేను ప్రచురణకర్తనయ్యాను. చాలామంది సొంత ప్రచురణకర్తలు ఈ పని చేయరు. చేయాలి, మన నవల ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటుంది.

2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేయడం మాలాంటివాళ్ళకు పెద్ద దెబ్బ. పల్లెటూరి పాఠకుడికి నవల చేర్చాలంటే తపాలా ఖర్చు మునుపటికన్నా బరువైంది. ఈ-పుస్తకమే దీనికి మందు అనుకుంటే అక్కడా ఒక చిక్కుంది. 2010లో మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకానికి దారి వేసింది. కానీ 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ ఐదు భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. 2019లో అదే అమెజాన్ ప్రపంచంలోకెల్లా తన పెద్ద భవనాన్ని నానక్‌రామ్‌గూడలో కట్టింది. ఆ భవనంలో పనిచేసే తెలుగువాళ్ళెవరైనా ఈ వాక్యం చదివితే, ఈ విషయం లోపల అడగమని నా విన్నపం.

ఈ గాజు మేడల దగ్గర మన పుస్తకానికి రావలసింది ఇంకొకటుంది. అవి కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ సొమ్ము సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరి, వాళ్ళు ఏటా కొత్త నవలలు కొంటే, ఐదువందల ప్రతులు వేయడానికి ఏ ప్రచురణకర్తా జంకనక్కర్లేదు. సంపాదకుణ్ణి పెట్టుకునే స్తోమత కూడా వస్తుంది.

సొంత ముద్రణ నాకిచ్చింది పాఠకులను. మియాపూర్, నల్లగండ్ల అపార్టుమెంట్ల నుంచి వాట్సాప్‌లో అడుగుతారు. "మా అమ్మకు కావాలండీ" అని మొదలుపెట్టి, నెల తర్వాత తామే చదివామని రాస్తారు. ఒకాయన ఆఫీసు కింద క్యాంటీన్‌లో కలిసి, నవలలో చెరువు తప్పు దిక్కున ఉందని పటం గీసి చూపించారు. రాయల్టీ చెక్కుతో ఇలాంటి మనుషులు రారు.

అయితే సొంతంగా వేసిన రెండో నవలలో ఆ 'వద్దు' అనే గొంతు లేని లోటు నాకు పేజీ పేజీకీ తెలిసింది. అందుకే ఇప్పుడు అచ్చు నేనే వేసుకున్నా, ముఖచిత్రం ఖర్చు తగ్గించుకుని ముందు సంపాదకుడికి డబ్బిస్తున్నాను. సొంతంగా వేసుకునే మిత్రులకూ అదే చెబుతున్నాను. వెయ్యి ప్రతుల బదులు మూడువందలే వేయండి, ఆ మిగిలింది చదివి పోట్లాడే మనిషికివ్వండి.

కొత్త నవల మళ్ళీ ప్రచురణ సంస్థకే పంపాను. ఒప్పందంలో రెండు మాటలు చేర్చమన్నాను. హక్కులు ఒక్క ముద్రణకే, ఈ-పుస్తకం, ఆడియో నావే. మొదటిదానికి సరేనన్నారు. రెండోదాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం. డిసెంబరు పుస్తక ప్రదర్శనలోగా తేలాలి.