ఒక్క కాగితము – ఇద్దరు డాక్టర్లు



పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో మేము ఇళ్ల దర్శనమునకు వెళ్లినప్పుడు తరచుగా వినే మాట ఒకటి ఉన్నది: "అయ్యగారూ, పొద్దుగాల లేస్తే వేళ్లు ముడుచుకుంటలేవు. మా కీళ్ల కోసం ప్రార్థన చేయుండ్రి." ఈ మధ్య దానితోబాటు ఇంకొక మాట కూడా మన పల్లెలకు చేరింది. బరువు తగ్గించే ఆపరేషను చేయించుకుంటే నొప్పులన్నీ పోతాయట, నిజమేనా అని అడుగుతున్నారు. మా ఇంట్లో ఈ రెండూ జరిగినవి. కీళ్లవాతము 2012లో వచ్చింది, ఆపరేషను 2023లో అయింది. కాబట్టి మా శ్రీమతి అనుమతితో ఇది రాస్తున్నాము. దీనిని డాక్టరు మాటకు బదులుగా తీసుకోవద్దు. డాక్టరును ఏమి అడగాలో తెలుసుకొనుటకు చదవండి.

ఈ జబ్బు వేరు, అరుగుదల వేరు

మా శ్రీమతికి వచ్చినది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ముసలితనములో మోకాళ్లు అరగడం వేరు, ఇది వేరు. రోగక్రిములతో పోరాడవలసిన శరీరశక్తి దారి తప్పి, సొంత కీళ్ల లోపలి పొర మీదనే పోరుకు దిగుతుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు ఒకేసారి వాస్తాయి. నిద్ర లేచాక గంటకు పైగా బిగుసుకొని ఉంటాయి. మగవారికన్నా ఆడవారికి రెండు మూడింతలు ఎక్కువగా వస్తుంది, అదీ తరచుగా పని చేసే వయసులోనే. వేళ్ల మీదనే బ్రతుకు నడిచే బీడీ కార్మికురాలికి, పత్తి ఏరే తల్లికి ఇది ఎంత దెబ్బయో చెప్పనక్కరలేదు.

అప్పుడు మేము జగిత్యాల వైపు పరిచర్యలో ఉన్నాము. ఆమెకు ముప్పై రెండేళ్లు. ఊళ్లో ఎవరికైనా ముందుగా దొరికేది సూది, చిన్న తెల్ల గోళీ. ఆ రెండింటిలోనూ తరచుగా ఉండేది స్టెరాయిడ్. అది చెడ్డ మందని మేము అనము. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్లవాత రోగికి మొదటిసారి కార్టిజోన్ ఇచ్చినప్పుడు, కదలలేని మనిషి కొద్ది రోజులలో లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. కాని ఏళ్ల తరబడి వాడితే ఆకలి పెరుగుతుంది, ముఖము గుండ్రమవుతుంది, ఒళ్లు వస్తుంది, చక్కెర జబ్బు రావచ్చు, ఎముకలు గుల్లబారుతాయి. నొప్పి చేత నడక తగ్గితే బరువు ఇంకా పెరుగుతుంది. 2022 నాటికి మా శ్రీమతి 98 కిలోలు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళము.

హైదరాబాదులో కీళ్లవాత నిపుణుని చూపించిన తరువాత అసలు మందులు మొదలైనవి. వాటిలో పెద్దది మెథోట్రెక్సేట్. ఈ మందులో మన తెలుగువాని చేయి ఉన్నది. 1895లో భీమవరములో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వములో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము తయారుచేశారు. ఆ తరువాత దానికి ఎదురు నిలిచే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులు వచ్చినవి. ఈనాడు కీళ్లవాత రోగికి మెథోట్రెక్సేట్ రాసిన డాక్టరు, దాని బాధలు తగ్గుటకు వేరే రోజున ఫోలిక్ ఆమ్లము కూడా రాస్తారు. రెండు గోళీలూ ఆ ఒక్క ప్రయోగశాల నుండి వచ్చినవే.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణము మీదికి వస్తుంది. మాకు తెలిసిన ఒక సహోదరి చీటీలోని రాత అర్థము కాక వరుసగా రోజూ మింగింది. నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి, పెద్దాసుపత్రిలో చేరి దేవుని కృపవలన బ్రతికి బయటపడింది. మా శ్రీమతి ఊరి సంత రోజునే గోళీ రోజుగా పెట్టుకున్నది. సంత బుధవారము, గోళీ బుధవారము. చదువు రాని తల్లులకు కూడా ఈ లెక్క తప్పదు.

ఆపరేషను మాట ఎందుకు వచ్చింది

మోకాళ్లు మొరాయించినవి. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారము తగ్గుతుందని డాక్టరు చెప్పారు. అన్నము తగ్గించి చూచింది, జొన్నరొట్టె తిని చూచింది. నాలుగు కిలోలు తగ్గి, జబ్బు తిరగబడి స్టెరాయిడ్ పెంచగానే ఆరు కిలోలు పెరిగేది. అప్పుడు ఆ నిపుణుడే ఆపరేషను మాట ఎత్తారు.

కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తును రెండుసార్లు గుణించిన అంకెతో భాగిస్తే ఒక లెక్క వస్తుంది. మన ఆసియావారికి అది 25 దాటితే ఊబకాయమే. మా శ్రీమతికి సుమారు 41 వచ్చింది. ఆపరేషనులో ముఖ్యముగా రెండు రకాలు. స్లీవ్ అనే దానిలో పొట్టసంచిలో సుమారు ముప్పాతిక భాగము తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టము మిగుల్చుతారు. బైపాస్‌లో చిన్న సంచి చేసి దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఇది ధనవంతుల వైద్యమని మేమూ విన్నాము గాని, హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వాసుపత్రిలో కూడా 2023లో ఈ ఆపరేషను జరిగింది.

కీళ్లవాతము దీనితో తగ్గుతుందా? అమెరికాలోని బోస్టన్‌లో ఈ ఆపరేషను చేయించుకున్న 53 మంది కీళ్లవాత రోగులను పరిశీలించి 2015లో ప్రకటించారు. ఆపరేషనుకు ముందు నూటికి 57 మందికి జబ్బు మధ్యస్థముగా గాని తీవ్రముగా గాని ఉండగా, ఏడాది తరువాత నూటికి 6 మందికే అట్లా ఉన్నది. శరీరములోని కొవ్వు వాపును ఎగదోస్తుంది గనుక ఇది నమ్మదగినదే. కాని 53 మంది చిన్న సంఖ్య. పైగా జబ్బు నెమ్మదించడం వేరు, పోవడం వేరు.

కాగితము పుట్టిన విధము

ఆపరేషనుకు మూడు వారాల ముందు మేము చిక్కులో పడ్డాము. పొట్ట ఆపరేషను చేసేచోట, "పాత గోళీలన్నీ ఆపి రండి" అన్నారు. కీళ్ల డాక్టరు, "స్టెరాయిడ్ ఒక్క రోజు కూడా ఆపవద్దు" అన్నారు. ఒకరి మాట రెండవవారికి తెలియదు. మధ్యలో ఉన్నది మేము. అప్పుడు మా శ్రీమతి ఒక తెల్లకాగితము తీసి, తాను మింగే ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు, ఎన్నేళ్ల నుండి అన్నది రాసింది. పక్కన ఒక గడి ఖాళీగా విడిచి, పైన "ఆపాలా? ఎప్పుడు? మళ్లీ ఎప్పుడు మొదలు?" అని రాసింది. మంచిర్యాలలో రైలెక్కి పోయి, ఆ కాగితము ఇద్దరు డాక్టర్ల ముందు పెట్టాము. ఒకరు ఇంకొకరితో ఫోనులో మాట్లాడి గడులు నింపారు. ఆమె విషయములో వచ్చిన జవాబులు ఇవి.

స్టెరాయిడ్: ఆపరాదు. కొన్ని వారాలకు మించి స్టెరాయిడ్ వాడితే, శరీరము తాను సహజముగా తయారుచేసుకొనే స్టెరాయిడ్‌ను తగ్గించివేస్తుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా ఆపితే, ఆపరేషను దెబ్బకు రక్తపోటు పడిపోయి ప్రాణాపాయము. అయితే ఎక్కువ మోతాదు ఉంటే కుట్లు మానవు, చీము పడుతుంది. అందుచేత ముందు నెలల్లోనే అంచెలంచెలుగా తగ్గించి, ఆపరేషను నాడు మత్తు డాక్టరుకు తప్పక చెప్పమన్నారు.

మెథోట్రెక్సేట్: కీలు మార్పిడి ఆపరేషన్లకు అమెరికా వైద్యసంఘాలు 2017లోను, 2022లోను ఇచ్చిన సూచనల ప్రకారము దీనిని ఆపనక్కరలేదు. పొట్ట ఆపరేషనుకు డాక్టరు రోగిని బట్టి నిర్ణయిస్తారు. ఆమెకు కొనసాగించారు. కాని వాంతులై నీరు తగ్గినా, జ్వరము వచ్చినా ఆ వారము వేసుకోకుండా ఫోను చేయమన్నారు. ఈ మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. ఒంట్లో నీరు లేకపోతే లోపలనే పేరుకొని విషమవుతుంది.

నొప్పి గోళీలు: డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఆపాలి. ముఖ్యముగా బైపాస్ అయినవారికి, కొత్తగా కలిపిన చోట ఇవి పుండు వేస్తాయి. అది పగిలి రక్తము కారవచ్చు. కీళ్ల రోగికి ఎప్పుడో ఒకప్పుడు నొప్పి గోళీ అవసరము పడవచ్చును గనుక ఇద్దరూ ఆలోచించి ఆమెకు స్లీవ్ ఎంచుకున్నారు. అయినను నొప్పికి మొదట పారాసిటమాలే, అదీ చెప్పినంతే.

బయలాజికల్ మందులు అనే ఖరీదైన సూదులు మా శ్రీమతికి లేవు. అవి వాడేవారికి, తరువాతి సూది వేయవలసిన సమయమునకు ఆపరేషను వచ్చేటట్లు చూచి, గాయము మానిన తరువాత మళ్లీ మొదలుపెట్టడం వాడుక.

ఆపరేషను తరువాత

2023 ఫిబ్రవరిలో ఆపరేషను జరిగింది. మొదటి రెండు వారాలు గుక్కెడు గుక్కెడు నీళ్లు, పప్పుకట్టు, పలుచని మజ్జిగ. తరువాత మెత్తని ఆహారము. అన్నముకన్నా ముందు గుడ్డు, పప్పు, పెరుగు తినాలి. గోళీలు మింగడం కష్టమైనప్పుడు అన్నిటినీ నూరుకోవచ్చునని అనుకోవద్దు. పైపూత ఉన్న గోళీలు నూరరాదు, మెథోట్రెక్సేట్ ఇంట్లో అసలే నూరరాదు. ఆమెకు దానిని వారానికొక సూదిగా మార్చారు. సూది మందుకు పొట్టతో పని లేదు.

మూడవ నెలలో జుట్టు రాలింది. అది ఈ ఆపరేషను తరువాత మామూలే, కొన్ని నెలలకు తగ్గింది. అప్పుడే మణికట్టు వాచింది. మందుల దుకాణములో అడిగితే వెంటనే నొప్పి గోళీల అట్ట చేతిలో పెట్టారు. ఆమె సంచిలోని కాగితము తీసి చూపించి, "ఇది నాకు పడదు తమ్ముడూ" అని తిరిగి ఇచ్చింది. మరునాడు కీళ్ల డాక్టరుతో మాట్లాడితే మెథోట్రెక్సేట్ మోతాదు సరిచేశారు.

ఎవరూ అనుకోని సంగతి ఇంకొకటి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే గోళీ మలేరియా మందు కుటుంబానికి చెందినది. ఆదిలాబాదు అడవి పల్లెలకు ఆ కుటుంబము కొత్త కాదు. దానిని రోజుకు, శరీరపు బరువులో ఒక్కొక్క కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తారు. దాటితే కొన్నేళ్లకు కంటి లోపలి పొర చెడుతుంది. 98 కిలోల మనిషికి 400 మిల్లీగ్రాములు సరిపోయేది. ఏడాదికి ఆమె 70 కిలోలకు వచ్చింది. అదే గోళీ ఇప్పుడు ఎక్కువ. కాగితములో బరువు కూడా రాసి ఉన్నందున డాక్టరు వెంటనే గుర్తించి తగ్గించారు. చక్కెర, బీపీ గోళీలకు కూడా ఇదే నియమము. మనిషి తగ్గితే మోతాదు మళ్లీ లెక్క కట్టాలి.

బి12, ఇనుము, క్యాల్షియము, డి విటమినులు జీవితాంతము చూచుకోవాలి. ఈ జబ్బున్న పడుచు స్త్రీలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. బరువు తగ్గితే గర్భము తొందరగా నిలువవచ్చు. మెథోట్రెక్సేట్ కడుపులోని బిడ్డకు హాని. ఆపరేషను తరువాత కనీసము ఏడాది, ఏడాదిన్నర ఆగి, డాక్టరుతో మందు మార్పించుకొన్న తరువాతనే బిడ్డను గూర్చి ఆలోచించాలి.

ఈనాడు ఆమె మందిరము మెట్లు ఒకరి చేయి పట్టకుండ ఎక్కుతుంది. స్టెరాయిడ్ రోజుకు 10 మిల్లీగ్రాముల నుండి రెండున్నరకు దిగింది. కాని బుధవారపు సూది ఆగలేదు, మూడు నెలలకొకసారి రక్తపరీక్ష ఆగలేదు. మోకాళ్లకు బరువు తగ్గడము మేలు చేసింది. వేళ్లను కాపాడుతున్నది మందే.

సంఘము చేయదగినది

"విశ్వాసమున్నవారికి గోళీలెందుకు?" అని మమ్మును అడిగినవారున్నారు. పౌలుతోబాటు ప్రయాణము చేసిన లూకా వైద్యుడే అని వారికి గుర్తు చేశాము. ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు.

ఉపవాస ప్రార్థనకు ఇటువంటివారిని బలవంతపెట్టవద్దు. పొట్ట చిన్నదైనవారు, స్టెరాయిడ్ మింగేవారు నీళ్లు లేకుండ ఉండరాదు. వారు తాగుతూ ప్రార్థన చేసినా అది ప్రార్థనే. ప్రేమవిందులో "ఇంకొంచెము వేసుకోండి అమ్మగారూ" అని వడ్డించవద్దు. క్రిస్మస్ పండుగకు పది ఇళ్లు తిరిగితే పది చోట్ల కేకు, బిర్యానీ పెట్టడము మన ప్రేమయే గాని, ఆమె పొట్టలో పట్టేది నాలుగు ముద్దలే. కల్లు విషయము కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వాడేవారి కాలేయమునకు అది రెండవ భారము. బైపాస్ అయినవారికి కొంచెమే అయినా త్వరగా తలకెక్కుతుంది.

మీ ఇంట్లో కీళ్లవాత రోగి ఉంటే, ఆపరేషను ఆలోచన ఉన్నా లేకున్నా, వచ్చే సంత రోజులోగా ఆ కాగితము రాయండి. మందు పేరు, మోతాదు, ఏ రోజు, ఎప్పటి నుండి, ఈ నెల బరువు ఎంత అన్నవి ఉండాలి. చదువు రాకపోతే బడికి పోయే పిల్లవానితో రాయించండి. మీ సంఘకాపరిని అడిగినా రాసిపెడతారు. ఏ దవాఖానాకు పోయినా, ఏ ఊరి సూది ముందైనా, నోరు తెరవకముందే దానిని ముందు పెట్టండి. ప్రభువు మీ ఇంటివారికి ఆరోగ్యము దయచేయును గాక.