ఢిల్లీ ఎన్ని గంటలు?

మాది రాచర్ల మండలంలో ఒక తండా. హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. పీజీకి ఢిల్లీలో అప్లై చేస్తానంటే మా యాడి, అంటే అమ్మ, ఎన్ని కిలోమీటర్లని అడగలేదు. "ఇంటికాడ ఏమన్నా అయితే ఎన్ని గంటల్లో వస్తావు?" అనింది. అందుకే కూర్చుని లెక్క వేశా. మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో సుమారు 1,250 కిలోమీటర్లు, రెండుంపావు గంటల ప్రయాణం. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో అయితే 1,670 కిలోమీటర్ల పైనే, దాదాపు 26 గంటలు. రైలు పట్టాలు ఉన్నచోటల్లా తిరిగిపోవాలి, విమానం ఇంచుమించు తిన్నగా పోతుంది.

కానీ ఆ రెండుంపావు గంటలు ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకే. మన లెక్క తండా నుంచి మొదలవ్వాలి. గిద్దలూరుకి ఆటో, హైదరాబాద్‌కి రాత్రంతా బస్సు, ఎయిర్‌పోర్టులో రెండు గంటల ముందే ఉండాలి, ఢిల్లీలో దిగినాక మెట్రో. అన్నీ కలిపితే పదిహేడు, పద్దెనిమిది గంటలు. మన దొనకొండలో బ్రిటిష్ కాలంనాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది గానీ మనం ఎక్కే విమానాలు అక్కడ దిగవు.

"ఈరోజు ఫోన్ చేస్తే రేపటికి ఇంట్లో ఉంటా" అని యాడికి చెప్పా. "విమానం టికెట్ ఎవరు కొనిస్తారు?" అనింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో లెక్క చూడండి. 2021 జనవరి 9 రాత్రి 8:30కి ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరింది. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో సహా నడిపినవాళ్ళంతా ఆడవాళ్ళే. ఉత్తర ధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు వచ్చి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. గడియారాలు చూస్తే 31 గంటలు. మనకీ వాళ్ళకీ ఉన్న పదమూడున్నర గంటల తేడా తీసేస్తే పదిహేడు, పద్దెనిమిది గంటలే. అంటే అమెరికా నుంచి బెంగళూరు రావడానికీ, మా తండా నుంచి ఢిల్లీ చేరడానికీ పట్టే టైమ్ ఒకటే!

కాబట్టి "చాలా దూరం" అని ఎవరన్నా అంటే భయపడకండి. మనల్ని ఆపేది టికెట్ డబ్బులు, ముందు పోయి దారి చెప్పేవాళ్ళు లేకపోవడం. విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చదివే గిరిజనులకి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏటా 20 మందికి ఇస్తారు, అందులో 3 మన చెంచుల లాంటి పీవీటీజీలకే. విమాన ఛార్జీ కూడా అందులోనే వస్తుంది. దేశంలో చదివే మనకి మాత్రం ఇంట్లో కష్టమొచ్చినప్పుడు టికెట్ ఎవరిస్తారన్నది అలాగే ఉంది.

దూరం పోయి చదువుతున్న అన్నలు, అక్కలు ఒక్క మాట రాయండి. మీ గూడెం నుంచి, మీ తండా నుంచి మీ కాలేజీకి ఎన్ని గంటలు? ఎంత ఖర్చు? అర్జెంటుగా రావాల్సొస్తే ఏం చేశారు? అవన్నీ ఒకచోట చేరిస్తే, వచ్చే ఏడాది అప్లై చేసేవాళ్ళు ఇంట్లో చూపించుకుంటారు.