విష్ణుక్రాంతం, రెండెకరాల బీడు

మొన్న వినాయకచవితికి మా దాచేపల్లి వెళ్లాను. పండగ ఒక వంక మాత్రమే, అసలు పని వేరే. నాన్న పోయాక మా అన్నదమ్ములకి వచ్చిన రెండెకరాల బీడు అమ్మేద్దామని తమ్ముడు ఏడాదిగా పోరుతున్నాడు. పేరుకే పొలం, జానెడు మట్టి తీస్తే కిందంతా నాపరాయే. మా పల్నాడు సంగతి తెలిసిన వాళ్లకి చెప్పక్కర్లేదు, పైరుకి పనికిరాని నేల క్వారీకి పనికొస్తుంది. నేనూ సరే అనేశాను. హైదరాబాదులో హోమ్ లోన్ కట్టేవాడికి సెంటిమెంట్లు కాస్త తక్కువే.

పండగ రోజు పొద్దున్నే అమ్మ, "ఒరే, బీడుకి పోయి విష్ణుక్రాంతం నాలుగు రెమ్మలు తీసుకురా. మీ నాన్న ఏటా తెచ్చేవారు" అంది.

ఇరవయ్యొక్క పత్రుల్లో అదొకటని తెలుసు. కానీ ఇన్నేళ్లూ ఆ పేరు చదివి చేతికందిన గరిక వేసేయడమే తప్ప, మొక్కని చూసిన పాపాన పోలేదు. "ఎట్టా ఉంటదమ్మా?" అంటే, "నీలం పూలు, కనపడతయ్‌లే. ఎండెక్కకముందే పో" అంది.

ఇంతలో ఆఫీసు నుంచి ఫోను. ప్రొడక్షన్లో ఏదో తగలడింది. అది చల్లారేసరికి పన్నెండు. బీడంతా తిరిగితే ఒక్క నీలం పువ్వూ లేదు! వట్టి చేతుల్తో వచ్చాను. అమ్మ ఏమీ అనలేదు, ఆ పేరు దగ్గర నాలుగు అక్షతలు వేసింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఏడింటికి మా అమ్మాయిని తీసుకుని మళ్లీ వెళ్లాను. నిన్న నేను తొక్కుకుంటూ తిరిగిన చోటే, రాళ్ల సందుల్లో, ఎక్కడ చూసినా చిన్న చిన్న నీలం చుక్కలు. సెంటీమీటరు కూడా లేని పువ్వు, మధ్యలో తెల్లగా. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుందిట. అంటే తప్పు మొక్కది కాదు, నా టైమింగుది.

ఇంటికొచ్చి కూర్చుని చదివాను. శాస్త్రీయ నామం ఎవాల్వ్యులస్ ఆల్సినాయిడిస్. చిలగడదుంప, తూటికూరలది కూడా ఇదే కుటుంబం. ఆ కుటుంబంలో చాలావాటికి దేన్నో ఒకదాన్ని చుట్టుకుని పాకే అలవాటు. దీనికి ఆ అలవాటు లేదు, నేలమీదే పరుచుకుంటుంది. 'ఎవాల్వ్యులస్' అన్న మాటకి అర్థం కూడా అదే, చుట్ట విప్పుకున్నది అని. లిన్నేయస్ 1753లో దీన్ని కన్వాల్వ్యులస్ ప్రజాతిలో పెట్టి, 1762లో ఎవాల్వ్యులస్‌లోకి మార్చాడు. తన కోడు తనే రీఫాక్టర్ చేసుకున్నాడన్నమాట. కీలకమేమో, రెండు కీలాలు, ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలి ఉంటుంది. కాయ ఎండితే నాలుగు చెక్కలుగా పగులుతుంది, లోపల మహా అయితే నాలుగు గింజలు. ఆకుల నిండా పట్టులాంటి నూగు. అసలు బలమంతా వేరులో ఉంది. కొయ్యలా గట్టిపడిన ఆ వేరు మా ఎండాకాలాన్ని భరించి, వానపడగానే మళ్లీ చిగురు వేస్తుంది.

పేర్ల దగ్గర మాత్రం పెద్ద గందరగోళం. ఉత్తరాదిలో కొందరు దీన్నే శంఖపుష్పి అంటారు. ఆయుర్వేద ఫార్మకోపియా లెక్కలో శంఖపుష్పి వేరే మొక్క, కన్వాల్వ్యులస్ ప్లూరికాలిస్. కేరళలో శంఖుపుష్పం అంటే కంచెల మీద పాకే పెద్ద నీలం పువ్వు తీగ. మన విష్ణుక్రాంతం మాత్రం అక్కడి దశపుష్పాల్లో ఒకటి. ఒకే పేరుకి మూడు మొక్కలు! నేమ్‌స్పేస్ లేని చోట ఇంతే మరి. సీసా మీద పేరు చూసి జ్ఞాపకశక్తికని మందు కొనేవాళ్లు, లోపల ఏ మొక్క ఉందో కూడా చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఈ మొక్క అంతరించిపోతోందని అబద్ధం చెప్పలేను. ఉష్ణమండలమంతా ఉంది, మా బీడు పోయినంత మాత్రాన దానికేం కాదు. తమ్ముడూ అదే అన్నాడు, "గడ్డిపరక కోసం అమ్మకం ఆపుతావా అన్నయ్యా?" అని. వాడికి పిల్లల చదువులున్నాయి, వాడి మాటలో తప్పేం లేదు.

నా దగ్గర ఉన్న సమాధానం ఒక్కటే. కోస్తే మళ్లీ వస్తుంది, పశువులు మేసినా వస్తుంది, కరువొచ్చినా వస్తుంది, వేరుంది కాబట్టి. క్వారీ ముందు తీసేది ఆ జానెడు మట్టినే. ఆ తర్వాత ఎన్ని వానలు పడితే ఏం లాభం? నలభై ఏళ్లు నాన్నకి తెలిసిన ఒక విషయం నాకు తెలిసింది నిన్న పొద్దున. తెలిసిన మర్నాడే సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు.

చివరికి తన ఎకరం తమ్ముడు అమ్ముకుంటున్నాడు. నా ఎకరం ఉంచుకున్నాను. పక్కన క్వారీ పడ్డాక ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. వాడు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు, అదీ చూడాలి.

ఒక మనవి. వచ్చే చవితికి ఈ మొక్క కనిపిస్తే వేళ్లతో పీకకండి, రెమ్మలు తుంచుకోండి, చాలు. మీ ఊళ్లో దీన్నేమంటారో కూడా చెప్పండి.