ఆటపుస్తకము



పాఠశాల పత్రికలో ఉపాధ్యాయుడు వీడియో గేమును గూర్చి వ్రాయుట మీ తలిదండ్రులకు వింతగా తోచవచ్చును. కాని నాకు నిఘంటువు చూచుట నేర్పినది అట్టి యాటతో వచ్చిన చిన్నపుస్తకమే.

1993వ సంవత్సరమున, ఓడలో నుద్యోగము చేయుచుండిన మా మేనమామగారు టెలివిజనునకు తగిలించు నాటయంత్రమును, ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటను కాశీబుగ్గకు దెచ్చిరి. మా నాయనగారు పెట్టెలోని యాంగ్లపుస్తకమును నా చేతికిచ్చి, “దీనికి అర్థము చెప్పిన పిమ్మటనే ఆడుము” అనిరి. మూడు దినములు నిఘంటువుతో కుస్తీ పట్టితిని. పిదప కరెంటు పోయినప్పుడెల్ల లాంతరు వెలుగున ఆ పుస్తకమునే మరల మరల చదివెడివాడను.

జపాను దేశపు నింటెండో సంస్థ 1985లో వెలువరించిన యా యాట మొత్తము 40 కిలోబైట్లే. నేడు ఫోనులోని యొక్క ఛాయాచిత్రమునకే అంతకు పెక్కురెట్లు చోటు పట్టును. కథయు నియమములును చెప్పుటకు లోపల తావు లేకపోవుటచే వానిని కాగితముపై అచ్చొత్తించిరి. తరువాత తావు పెరిగెను. ఆటయే ఆడించుచు నేర్పసాగెను. 2010లో యూబిసాఫ్ట్ సంస్థ కాగితపు పుస్తకములను మానుచున్నట్లు ప్రకటించెను. ఇప్పుడు పెక్కు ఆటలకు పెట్టెయే లేదు. చదువురాని పసివాడు సైతము ఆడుచు నేర్చుకొనుట మేలే. దానిని నేను కాదనను.

అయినను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస ప్రాంతమును తాకి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినప్పుడు దినములకొలది కరెంటు లేకపోయెను. ఫోను ఆరిపోగా మా అబ్బాయి దిగులుతో కూర్చుండెను. ఇల్లు చొచ్చిన వాననీటిలో నా పాతపుస్తకము తడిసియుండెను. ఇరువురము పుటలు విడదీసి యెండలో నారబెట్టితిమి. ఆ రాత్రి క్రొవ్వొత్తి వెలుగున వాడు చదువుచుండగా నేను వింటిని. ఆటయంత్రము చెడి యేండ్లైనది. మా నాయనగారును లేరు. “ఈ మాటకు అర్థమేమి నాన్నా?” అని వాడడుగగా, నేను మారుమాటాడక నిఘంటువును చేతికిచ్చితిని.

పిల్లలారా! ప్రశ్నపత్రముపై నున్న సూచనలు చదువకయే వ్రాయనారంభించి మార్కులు పోగొట్టుకొనువారిని ఏటేట చూచుచున్నాను. యంత్రము చేయి పట్టి నేర్పినప్పుడు నేర్చుకొనుడు. కాని అచ్చుకాగితము చేతికి వచ్చినప్పుడు, అది మందుసీసాతో వచ్చినదైనను సరే, పారవేయుటకు ముందు ఒక్కసారి చదువుడు.