దొడ్డి గుమ్మం



మేము పాత మండువా లోగిలి కొన్నామని విని మీలో కొందరు సంతోషించారు. కొందరు "పాస్టర్ గారికి అంత డబ్బు ఎక్కడిది?" అనుకున్నారు. అడగవలసిన ప్రశ్నే. చెప్తాం.

ఆ ఇల్లు మేము ముగ్గురు అన్నదమ్ములం కలిసి కొన్నాం. మా చిన్న మరదలు పన్నెండేళ్ళు కువైట్‌లో ఒకరింట వంట చేసి, వాళ్ళ పిల్లల్ని సాకి కూడబెట్టిందే అందులో పెద్ద భాగం. రాజోలు దగ్గర కాలువ గట్టున ఉందా ఇల్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారి, పంటలు పండాకే మన సీమలో ఇలాంటి లోగిళ్ళు కట్టే కలిమి వచ్చింది. నడుమ వాన పడే మండువా, చుట్టూ వసారాలు, టేకు స్తంభాలు, వరద నీరు ఎక్కకుండా ఎత్తైన అరుగులు. మాకు అమ్మినాయన పుచ్చిన వాసాలు మార్పించి, పెంకులు తిరిగి నేయించి, గోడలకు సున్నం కొట్టించి బాగుచేయించారు. వెనుక మూడెకరాల కొబ్బరి తోట, చెట్ల మధ్య కోకో, అరటి.

ఆ తోటలోనే మా నాన్న దింపు తీసేవాడు. 1996 నవంబరు 6 తుపానుకి చెట్లు కూలేదాకా ఎక్కాడు. దాహమేస్తే దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి దోసిలి పట్టేవాడు. పైనుంచి నీళ్ళు పోసేవారు. ముందు గుమ్మం ఆయన ఎప్పుడూ తొక్కలేదు.

బేరం కుదిరాక మధ్యవర్తి ఒక మాటన్నాడు. ప్రభుత్వ విలువకే దస్తావేజు రాయించుకుని మిగతాది చేతికిచ్చేయమన్నాడు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి ఏడున్నర. అసలు ధరకి రాస్తే లక్షలు ఎక్కువ కట్టాలి. మేము తటపటాయిస్తుంటే మరదలే అంది: "పూర్తిగా రాయించండి బావగారూ. రేపు ఎవరూ, పోనీలే అని ఇచ్చాం అనకూడదు."

ఆదికాండము 23వ అధ్యాయం చదవండి. శారాను పాతిపెట్టడానికి స్థలం కావాలంటే ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నాడు. అబ్రాహాము ఒప్పుకోలేదు. అందరూ వింటుండగా 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. ఆ ఆదివారం మేము దాని మీదే ప్రసంగించాం. కొంచెం గర్వంగానే ప్రసంగించాం.

కానీ దస్తావేజులో రాయనిది ఒకటి ఆ ఇంటితోపాటే మాకు వచ్చింది.

మొన్న మా రెండో దింపు. పొరుగూరి నుంచి వచ్చినతను పని ముగించి దొడ్డి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మా అమ్మాయి ప్లాస్టిక్ చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగాక ఆ చెంబు కడిగి, గోలెం పక్కన విడిగా బోర్లించింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. మేము మండువాలో కుర్చీ వేసుకుని కాయల లెక్క చూసుకుంటున్నాం. అమ్మ ఒక్కతే చూసింది.

"మీ నాన్న నిలబడేది సరిగ్గా అక్కడేరా" అంది.

మాకు మాట రాలేదు. అతన్ని లోపలికి రమ్మన్నాం. "కాళ్ళకి మట్టుందండీ" అన్నాడు. లాక్కొస్తే ఇబ్బంది పడతాడని మేమే వెళ్ళి దొడ్డి మెట్టు మీద అతని పక్కన కూర్చున్నాం. మా ఆవిడ మేము తాగే గ్లాసుల్లోనే ఇద్దరికీ టీ తెచ్చింది. వచ్చే దింపుకి ముందు గుమ్మం నుంచి రా, మండువాలో కూర్చుని లెక్క చూసుకుందాం అన్నాం. తలూపాడు. వస్తాడో రాడో.

ప్రియులారా, ఇంటికి పూర్తి వెల కట్టామనుకున్నాం. ఇంకా కట్టవలసింది ఉంది. మీరూ ఈ వారం ఒకసారి మీ దొడ్డివైపు వెళ్ళి చూడండి, విడిగా బోర్లించిన గ్లాసు ఏదైనా ఉందేమో. మా కోసం ప్రార్థించండి.