అమ్మ నాటిన ఉసిరి

మా డాబా మీద మట్టి కుండీలో ఒక ఉసిరి చెట్టు ఉండేది. చెట్టంటే నీడన కూర్చుని వనభోజనాలు చేసేటంతటిది కాదు; నా భుజందాకా వచ్చేది. పదమూడేళ్ల కిందట మా అమ్మ గింజ నాటి మొలిపించింది. ఏటా క్షీరాబ్ది ద్వాదశినాడు దాన్నుంచి ఒక కొమ్మ విరిచి, తులసి పక్కన గుచ్చి పూజ చేసుకునేది. అమ్మ పోయి రెండేళ్లయింది.

నీళ్లు మాత్రం నేను రోజూ పోస్తూనే ఉన్నాను. పొయ్యలేదని ఎవరన్నా అంటే నమ్మవద్దు. అయినా మొన్న వేసవిలో ఆకు పండబారింది, కొమ్మల చివళ్లు ఎండాయి. మా ఆవిడ నావైపు అనుమానంగా చూసింది. నేను రెండో చెంబు కూడా పోశాను.

మృగశిర కార్తె వచ్చాక, కడియం నర్సరీల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసిన ఒక తాతను పిలుచుకొచ్చాను. ఆయన ఒక చెంబు నీళ్లు పోసి, కుండీ అడుగు చూడమన్నాడు. పోసినవి పోసినట్టే చిల్లిలోంచి వచ్చేశాయి.

"చెట్టుక్కాదు బాబూ, మీరు డాబాకి నీళ్లు పోత్తన్నారు," అన్నాడు.

లోపల మట్టి మిగల్లేదట, అంతా వేళ్లేనట. పోవడానికి చోటులేక అవి గోడవెంట తిరిగి తిరిగి బిగిసిపోయాయి. నీరు ఆ ముద్దలోకి ఇంకకుండా అంచువెంట జారిపోతోంది. చెట్టును బయటికి తీసి వేళ్లు కత్తిరించాలన్నాడు. తీయడమెలా? కుండీకి పొట్ట పెద్దది, మూతి చిన్నది. పగలగొట్టక తప్పదు.

అక్కడ వచ్చింది చిక్కు. ఏటా సంక్రాంతికి అమ్మ సున్నం చుక్కలు పెట్టిన కుండీ అది. ఆ చుక్కల్లో ఆవిడ వేలి గుర్తులు ఇంకా ఉన్నాయి. అక్కయ్యకు ఫోన్ చేశాను.

"అమ్మ కుండీ పగలగొడతావుట్రా!" అంది. కాసేపాగి, "చెట్టే పోయాక కుండీ ఏం చేసుకుంటాంలే. కానియ్యి," అంది.

సుత్తి పట్టడానికి నాకు చేతులు రాలేదు. తాతే కొట్టాడు. పెంకులు రాలిపోయినా వేళ్ల ముద్ద కుండీ ఆకారంలోనే నిలబడి ఉంది, చుట్టకుదురు మీద చుట్టకుదురు పేర్చినట్టు. ఆయన కత్తితో అడుగున రెండంగుళాల మేర కోసేశాడు; పక్కల నాలుగు గాట్లు పెట్టి, చిక్కుతల విడదీసినట్టు వేళ్లు విడదీశాడు. కొమ్మలూ మూడోవంతు కత్తిరించాడు. తగ్గిన వేళ్లు అంత ఆకును పోషించలేవట. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల గెత్తం కలిపాడు. పెద్ద సిమెంటు గోలెం తెచ్చి, అడుగు చిల్లిలోంచి మట్టి కారిపోకుండా దానిమీద ఆ కుండీ పెంకులే పరిచాడు. సున్నం చుక్క ఉన్న పెంకు మాత్రం నేను పెట్టాను.

పదిహేను రోజులు నీడన ఉంచమన్నాడు. ఉన్న ఆకంతా రాలింది. ఆ మొండికొమ్మలు చూసి మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడంతోనే నాకు భయం వేసింది. ఇరవైరెండో రోజున ఒక కణుపు దగ్గర ఆవగింజంత పచ్చదనం కనిపించింది.

ఈ కార్తికంలో కొమ్మ విరవడానికి మనసొప్పలేదు. తులసి కుండీనే డాబా మీదికి మోసుకెళ్లి, ఉసిరి పక్కన ఉంచి దీపం పెట్టాము.

ఇప్పుడు నీళ్లు పోస్తే వెంటనే కిందికి రావు. కాసేపు నిలిచి, మెల్లగా ఇంకుతాయి. అది చూశాకే నేను మెట్లు దిగుతున్నాను.